తలుపులో ఆగిన పెళ్లి పడవ

లాకుల ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరు అబ్బాయిలు మొన్న మా ఇంటికి వచ్చారు. "ఈ పనిలో ముఖ్యంగా నేర్చుకోవలసింది ఏంటండి?" అని అడిగారు. రూళ్ల గురించో, పైవాళ్ల మెప్పు సంపాదించడం గురించో చెబుతాననుకున్నారు కాబోలు. "భయపడటం నేర్చుకోండి నాయనా" అన్నాను. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, ఇచ్చిన మజ్జిగ తాగి, దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. ముసలాయనకి మతి చలించిందని వీధి మలుపు తిరక్కముందే అనుకుని ఉంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నేను ధైర్యస్థుణ్ణి కాను. లాకు అజమాయిషీలో పనిచేసిన కాలమంతా నీళ్ల పక్కనే గడిపి, ఈత నేర్చుకోనివాణ్ణి. ఒకసారి నేర్చుకుందామని కాలవలోకి దిగాను. నీళ్లు మొలదాకా రాగానే గట్టెక్కాను. లాకు తలుపులు నెట్టే లస్కర్లు మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నారు. నవ్వనీ. నీళ్లంటే భయం లేనివాణ్ణి లాకు మీద పెట్టడం, నిప్పంటే భయం లేనివాణ్ణి పాకలో వంటకి పెట్టడం లాంటిదని నా అభిప్రాయం. అది ఇప్పటికీ మారలేదు.

మాది ఏ లాకో పేరు చెప్పను. ఇందులో వచ్చే మనుషుల పిల్లలూ మనవలూ ఇంకా ఆ కాలవ మీదే రాకపోకలు సాగిస్తున్నారు. రాజమండ్రికి దిగువన, ఆనకట్టకి ఎగువన, గోదావరిలోంచి కాలవ విడిపోయే చోటని మాత్రం అనుకోండి. అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు. ధాన్యం, బెల్లం, చేపలు, పెళ్లివారు, అందరూ పడవల మీదే.

మా లాకు

లాకు అంటే తెలియనివాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. నది ఎత్తున ఉంటుంది, కాలవ పల్లాన ఉంటుంది. పడవ మెట్లు ఎక్కలేదు కనుక దానికి నీటితోనే మెట్టు కట్టారు. రాతి గోడల మధ్య ఒక పొడవాటి తొట్టి. దానికి నది వైపు ఒక జత తలుపులు, కాలవ వైపు ఒక జత తలుపులు. కాలవలోంచి వచ్చిన పడవ తొట్టిలో చేరగానే దాని వెనక తలుపులు మూసేస్తాం. నది నీళ్లు కొద్దికొద్దిగా తొట్టిలోకి వదిలితే పడవ నీళ్లతోపాటు లేస్తుంది. నది మట్టానికి వచ్చాక ముందు తలుపులు తెరుస్తాం. పడవ నదిలోకి పోతుంది.

ఒక్కో తలుపు రెక్కకి ఒక పొడుగాటి దూలం ఉంటుంది. ఇద్దరేసి లస్కర్లు ఆ దూలానికి వీపు ఆన్చి, కాళ్లు నేలకి తన్ని నెడితే గాని రెక్క కదలదు. మా లాకుకి ఉన్నవాళ్లు నలుగురే. అంటే ఒక జత తలుపులు ముయ్యాలంటే నలుగురూ ఉండాలి. ఒక్కడు లేకపోయినా ఆ తలుపు పడదు.

నది వైపు తలుపులు ఎత్తుగా ఉంటాయి. వరదని ఆపడానికి కట్టినవి అవే. కాలవ వైపువి పొట్టివి. పై తలుపులు తెరిచి ఉండగా వరద వస్తే, నీళ్లు పొట్టి తలుపుల మీదుగా దూకి కాలవలో పడతాయి, కాలవ గట్టు కోసుకుపోతుంది. ఆ గట్టు కిందనే పల్లెవాళ్ల పాలెం. చేపలు పట్టుకుని, అమ్ముకుని బతికే కుటుంబాలు. మట్టిగోడలు, తాటాకు కప్పులు. లాకు గోడ మీద నిలబడితే ఆ కప్పులు నా పాదాల కంటే దిగువన కనిపించేవి. మా పెద్ద లస్కరు పోలయ్య ఇల్లు కూడా అక్కడే. అన్నిటికంటే పల్లంలో ఉన్న ఇల్లు వాళ్లదే.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఆ కప్పులు చూసి నాకు భయం వేసింది. చివరి రోజు కూడా వేసింది.

అందరిదీ, నాదీ

లాకు అందరిదీ. ఈ మాట చెప్పడం తేలిక. అందరిదీ అంటే ఎవరిదీ కాదనుకునేవాళ్లు కొందరు, అందరిదీ అంటే నాదే అనుకునేవాళ్లు కొందరు. మొదటి రకంవాళ్లు ఉమ్మేసి పోతారు. రెండో రకంవాళ్లు కదలరు. నన్నడిగితే ఉమ్మేసి పోయేవాడే నయం, పోతాడు కదా.

లాకు గోడ మీద రాయి శుభ్రంగా, వెడల్పుగా ఉంటుంది, ఎండ బాగా తగులుతుంది. ఇంకేం, ఊళ్లో ఆడవాళ్లు దాని మీద వడియాలు పెట్టేవాళ్లు. తీయమంటే, "ఎండనివ్వండి బాబూ, మీకూ నాలుగు పంపిస్తాం" అనేవాళ్లు. పంపించేవాళ్లు కూడా, అబద్ధం ఎందుకు. ఒకాయన తన గేదెని రోజూ తలుపు దూలానికి కట్టేసేవాడు. ఒకరోజు లస్కర్లు చూసుకోకుండా దూలం నెడితే గేదె బెదిరి, తాడు తెంపుకుని తొట్టిలో పడింది. గేదెకి ఏమీ కాలేదు. ఆయన మాత్రం నా మీద ఫిర్యాదు చేశాడు, గేదె పాలు తగ్గాయని.

పడవలు వచ్చిన వరసలో లాకెక్కాలి. ఇది నియమం. బెల్లం పడవల వర్తకులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. పడవ ఇంకా కనుచూపు మేరలో ఉండదు. ముందుగా ఒక మనిషి గట్టు వెంట పరిగెత్తుకొచ్చి, పడవలు కట్టే రాతికి కండువా చుట్టి కూచుంటాడు. ఆ చోటు ఇక వాళ్లది. సంతర్పణలో విస్తరి దగ్గర కండువా వేసి చోటు పట్టుకున్నట్టే. ఎవరైనా అడిగితే, "వచ్చేస్తున్నారండి, ఒక్క గడియ" అంటాడు. ఆ ఒక్క గడియ అనే మాట నా చెవుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. లాకుని పట్టుకు కూచున్న ఏ ఒక్కడూ నాతో "పూటంతా ఉంటాను" అనలేదు. అందరూ ఒక్క గడియే అడిగారు.

ఈ కండువాల వల్ల ఎప్పుడూ వెనకబడిపోయేది చేపల పడవ. అందులో పైడమ్మ అని ఒకామె వచ్చేది. గట్టి మనిషి, గొంతు పెద్దది. గంపల మీద తడి గోనెలు కప్పుకుని, ఎండలో నిలబడి ఉండేది. చేప ఆగదు, బెల్లం ఆగుతుంది. ఈ సంగతి తెలియనివాడు లేడు, అయినా బెల్లమే ముందు పోయేది. "మా చేపలు కూడా మీ కండువాలు కప్పుకోవాలేమోనండి, కంపు తెలవకుండా" అని వర్తకుల మొహం మీదే అనేసేది. వాళ్లు ముక్కు మూసుకుని నవ్వేవాళ్లు. నేను కూడా నవ్వేవాణ్ణి, కానీ ఆమెని ముందు పంపించడానికి ప్రతిసారీ నాకు నోరు వచ్చేది కాదు.

ఇద్దరు పైవాళ్లు

నాకు మొదట పైన ఉన్న ఓవర్సీరు మంచివాడే. తెలివైనవాడు కూడా. ఆయన నాకు నేర్పిన పాఠం ఇది: "పంతులూ, పెద్దవాళ్ల పడవకి అడ్డం చెప్పకు. నీళ్లు ఫిర్యాదు చెయ్యవు, పెద్దవాళ్లు చేస్తారు." ఈ ఒక్క సూత్రంతో ఆయన ఉద్యోగం హాయిగా గడిచింది. ఆయన హయాంలో పెద్ద వరద ఒక్కటీ రాలేదు. ఆయన గొప్పతనం ఏమిటంటే అదే.

తరవాత వచ్చినాయన ముక్కోపి. ఆయన గుర్రం దిగుతుంటేనే మేం గోడ మీద వడియాలు ఎత్తించేసేవాళ్లం. కానీ ఒకసారి నన్ను నది వైపు గోడ దగ్గరకి తీసుకెళ్లి, మట్టం గుర్తులు చెక్కిన రాయి చూపించి, "ఈ నీళ్లు ఎర్రబడితే నీ పై అధికారిని నేను కాను, గోదారి. దానికి సమాధానం చెప్పుకో, నాకు తరవాత చెబుదువుగాని" అన్నాడు. ఆయన తిట్లన్నీ మరిచిపోయాను. ఈ మాట మరవలేదు. మీకు ఎలాంటి పైవాడు దొరుకుతాడో మీ చేతిలో లేదు. కానీ ఎవరి మాట గుర్తుపెట్టుకోవాలో మీ చేతిలోనే ఉంది.

శ్రావణం

శ్రావణ మాసంలో పెళ్లి ముహూర్తాలూ, గోదారికి వరదలూ కలిసే వస్తాయి. ఆ రెంటికీ మధ్య మా లాకు.

ఆ రోజు మా దగ్గర చినుకు లేదు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. గోదారి వరదలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. ఎక్కడో కొండల్లో వానలు పడతాయి, ఇక్కడ ఎండ కాస్తూ ఉంటుంది. చూసేవాడికి భయపడటానికి కారణం కనిపించదు. పొద్దెక్కాక రాజమండ్రి నుంచి మనిషి వచ్చాడు. పోలవరం దగ్గర నది జోరుగా పెరుగుతోందని తంతి వచ్చిందట, ఉన్న పడవలు దాటించి తలుపులు మూసేయమన్నారు. వెళ్లి రాయి చూశాను. పొద్దున్న కనిపించిన గుర్తు నీళ్లలో మునిగి ఉంది. నీళ్లు ఎర్రబడ్డాయి, నురుగు తేలుతోంది.

కాలవలో రెండు పడవలు ఎదురు చూస్తున్నాయి. ముందున్నది పైడమ్మ వాళ్ల చేపల పడవ. దాని తరవాత ఒక పెళ్లి పడవ. అరటి బోదెలు, మామిడి తోరణాలు, సన్నాయి మేళం. లోపలి ఊళ్లో పెద్ద కామందుగారు కొడుకు పెళ్లికి రాజమండ్రి తరలి వెళుతున్నారు. వాళ్ల మనిషి తెల్లవారుజామునే వచ్చి రాతికి పట్టు కండువా చుట్టి కూచున్నాడు.

"పెళ్లివారు కదండీ, పోనివ్వండి" అంది పైడమ్మ, తన గంపల వైపు చూసుకుంటూనే. ఆమె అలా అనేసరికి నాకు పని తేలికైంది. పెళ్లి పడవని తొట్టిలోకి తీసుకున్నాం. కింది తలుపులు మూశాం, నీళ్లు వదిలాం, పడవ లేచింది. పై తలుపులు తెరిచాం. పడవ ముక్కు నదిలోకి వెళ్లింది. నడుము సరిగ్గా తలుపుల మధ్యకి వచ్చింది. అక్కడ ఆగింది.

గడప

పడవ నడిపే సరంగు తన వెదురు గెడ నీళ్లలోంచి పైకి తీసేశాడు. ఇంకొకడు తాడు తెచ్చి మా తలుపు దూలానికే కట్టాడు. నేను గోడ వెంట పరిగెత్తాను.

"ఏంటండి, ఎందుకు ఆపారు?"

కామందుగారు పడవ మధ్యలో పరుపు మీద కూచుని ఉన్నారు. నెమ్మదైన మనిషి, కేకలు వేసే రకం కాదు. "వర్జ్యం వచ్చేసిందయ్యా పంతులూ. మా పురోహితులవారు ఇప్పుడే చూశారు. ఇంకో మూడు గడియలుందిట. వెళ్లిపోగానే కదులుతాం" అన్నారు.

"చిత్తం, కానీ తలుపులో ఆగకూడదండి. కాస్త ముందుకు వెళితే ఎడమ పక్కన రేవు ఉంది. అక్కడ కట్టుకోండి."

"నువ్వే ఇలా అంటే ఎలాగయ్యా? తలుపు అంటే గడపే కదా. వర్జ్యంలో పెళ్లికొడుకుని గడప దాటించమంటావా?"

"పోనీ వెనక్కి రండి, తొట్టిలోకి."

పురోహితుడు చెవులు మూసుకున్నాడు. "శివశివా. పెళ్లికి తరలిన పడవ వెనక్కి తిరగడమా?"

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారే, అది వాళ్ల పడవకి తలుపు మధ్యలో ఎదురైంది. వరద వస్తోందని చెప్పాను. తంతి సంగతి చెప్పాను. తలుపులు పడకపోతే ఏమవుతుందో చెప్పాను. కామందుగారు ఆకాశం వైపు చూశారు. ఎండ కాస్తోంది. "అంత ప్రమాదమైతే మేమూ ఇందులోనే ఉన్నాం కదయ్యా" అని నవ్వి, "ఎవరర్రా అక్కడ, పంతులుగారికి బూరెలు పెట్టండి" అన్నారు.

పెట్టారు. విస్తరాకులో రెండు బూరెలు, పైన నెయ్యి. చేతిలో ఆ ఆకు పట్టుకుని నేను నదిని చూస్తున్నాను. ఎవరినైనా తిట్టడం నాకు చేతనవును, కొట్టడానికి వచ్చినవాడితో కొట్లాడటం కూడా ఎలాగో చేతనవును. ఇంత మర్యాదగా మనల్ని ముంచేవాళ్లతో ఏం చెయ్యాలో నాకు ఆ రోజు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. సన్నాయివాళ్లు కొత్త పాట ఎత్తుకున్నారు.

రాతి మీద ఇంకో గుర్తు మునిగింది.

పోలయ్య దూలం దగ్గర నిలబడి ఉన్నాడు. మనిషి ఇక్కడ ఉన్నాడు గాని చూపు గట్టు కింద ఉంది. వాళ్లమ్మాయి నూకరత్నం పురిటికి వచ్చింది. బిడ్డ పుట్టి ఇంకా పురుడు పోలేదు. అల్లుడు సముద్రం మీద వేటకి పోయాడు. పోలయ్య పెళ్లాం చేపలమ్మడానికి వెళ్లింది. ఆ పల్లపు ఇంట్లో ఆ పిల్ల, ఆ పసిగుడ్డు, అంతే. పురిటి గది దాటి బయటికి రాకూడదని ఇరుగుపొరుగు గట్టిగా చెప్పి ఉంటారు కూడా.

"పంతులుగారండీ, ఒక్క పరుగు ఎల్లొచ్చేత్తానండి" అన్నాడు పోలయ్య.

అతను వెళితే, ఆ పడవ కదిలిన క్షణానికి అతను లేకపోతే, తలుపు పడదు. తలుపు పడకపోతే అతను ఆ పిల్లని గట్టెక్కించినా ఆ గట్టే ఉండదు. ఇదంతా అతనికీ తెలుసు. అందుకే వెళ్లకుండా అడిగాడు.

"వద్దు పోలయ్యా" అన్నాను.

అతను తల ఊపి మళ్లీ దూలానికి వీపు ఆన్చాడు. పడవ తలుపులో ఉండగానే నెట్టడానికి సిద్ధంగా అలా ఆన్చుకుని నిలబడ్డాడు. ఆ నిలబడటం చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

గోడ మీదుగా కాలవ వైపు వంగి కేక వేశాను. "పైడమ్మా, పాలెం వాళ్లని గట్టెక్కమని చెప్పు. పోలయ్య కూతురు ఒక్కతే ఉంది." పైడమ్మ ఎందుకని అడగలేదు. గంపలో చేపలు గట్టు మీద గుమ్మరించి, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని పరుగెత్తింది. పొద్దుటినుంచి కాపాడుకున్న చేపలు. ఆమె అంత పరుగెత్తగలదని నేను అనుకోలేదు.

అప్పుడే కింది తలుపుల మీద నీళ్లు కనిపించాయి. మొదట ఒక చోట, తడి గుడ్డ పిండినట్టు, కొంచెం కారింది. తరవాత పక్కన ఇంకో చోట. చూస్తుండగానే ఆ రెండూ కలిసిపోయాయి. చప్పుడు సన్నాయిలో కలిసిపోయి వినపడలేదు. నాకు కనిపిస్తోంది, వినపడటం లేదు. ఇప్పటికీ ఎక్కడైనా పెళ్లి మేళం వింటే నా కళ్లు నేల మీద తడి కోసం వెతుకుతాయి.

మూట

పడవలో వెదురు తడిక నీడన ఒక ముసలావిడ కూచుని ఉంది. కామందుగారి తల్లి, అందరూ మామ్మగారు అంటున్నారు. ఆవిడ నా వైపు కాదు, పోలయ్య వైపు చూస్తోంది. దూలం, పడవ ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి.

"ఎందుకయ్యా అలా ఆ కిందకే చూస్తున్నావు?" అంది.

"మా ఇల్లండి అది" అన్నాడు పోలయ్య. "మా అమ్మాయి బాలింతరాలండి."

"మొదటి కాన్పా?"

"ఆయ్."

"ఏం బిడ్డ?"

"ఆడపిల్లండి."

ఆ పడవలో ఉన్న అంతమందిలో ఆ గట్టు కింద ఎవరున్నారని అడిగింది ఆవిడ ఒక్కతే. తరవాత కొడుకుని పిలిచింది.

"ఒరే అబ్బాయ్, వర్జ్యం వర్జ్యం అని కూచున్నారు, ప్రస్థానం పెట్టించాను కదరా."

"ఎప్పుడమ్మా?"

"తెల్లవారగట్ల. నా మూట బండిలో వియ్యాలవారింటికి పంపించేశాను. ముహూర్తం చూసే పంపించాను. మీకెవరికీ చెప్పలేదంతే."

చదివేవాళ్లలో కుర్రవాళ్లుంటే తెలియకపోవచ్చు. ప్రయాణానికి అనుకున్న వేళ మంచిది కాకపోతే, మంచి వేళలో మన మూటో గొడుగో ముందుగా పంపించేస్తారు. అదే ప్రస్థానం. మూట దాటితే మనిషి దాటినట్టే. ఆ తరవాత మనిషి ఎప్పుడు కదిలినా దోషం లేదు. ఆ రోజుల్లో ఇది తెలియని ఇల్లు లేదు.

కామందుగారు పురోహితుడి వైపు చూశారు. "ప్రస్థానం అయిపోతే మరి అభ్యంతరం లేదు" అన్నాడాయన తడుముకోకుండా.

నేను గోడ మీద, ఎత్తున నిలబడి ఉన్నాను. మామ్మగారి ఒడిలో, కొంగు కింద, మూట ఉంది. ఒక కొస బయటికి వచ్చి కనిపిస్తోంది. ఆవిడ తలెత్తి నన్ను చూసింది. కొంగు ఇంకాస్త ముందుకి లాక్కుంది. పురోహితుడు కూడా ఆ మూట చూశాడనే నా అనుమానం.

"గెడలు వెయ్యండి" అన్నారు కామందుగారు.

కానీ అప్పటికి ఆలస్యమైంది. నీళ్లు నదిలోంచి కాలవ వైపు లాగుతున్నాయి. పడవ ముందుకి పోదు. గెడలు వంగిపోతున్నాయి, పడవ వెనక్కి జారుతోంది. అప్పుడు ఆ పెళ్లివారికి మొదటిసారి భయం వేసింది. సన్నాయి ఆగింది. ఆగగానే కింది తలుపుల మీద దూకుతున్న నీళ్ల హోరు ఒక్కసారిగా అందరికీ వినిపించింది. డోలువాళ్లు డోళ్లు దించి గోడెక్కి, దూలానికి బిగుసుకుపోయిన ముడి ఎలాగో విప్పి తాడు పట్టుకున్నారు. బంధువులు గోడ మీదికి ఎక్కి తాడు పట్టుకున్నారు. చివరికి పెళ్లికొడుకు కూడా పట్టు బట్టలతో దూకి తాడు పట్టుకున్నాడు. నేను కూడా పట్టుకున్నాను. నా అరచేతుల్లో ఆ తాడు ఒరుసుకున్న గుర్తు ఇప్పటికీ ఉంది.

పడవ వెనక చివర తలుపు దాటింది.

"నెట్టండి" అన్నాను. అనక్కర్లేకపోయింది. లస్కర్లు నలుగురూ అప్పటికే నెడుతున్నారు. నీళ్లే సగం పని చేశాయి, రెక్కలు రెండూ ఒకదానికొకటి కొట్టుకుని పడ్డాయి. గోడ అదిరింది. ఆ చప్పుడుకి నేను కింద కూచుండిపోయాను. తొట్టిలో నీళ్లు పెరగడం ఆగింది. కాసేపటికి కింది తలుపుల మీద పారకం సన్నబడింది, ఆగింది.

లేచి చూసేసరికి పోలయ్య దూలం దగ్గర లేడు.

గోడ

గట్టు తెగలేదు. కాని ఒక చోట కోసుకుని, అప్పటికే దూకిన నీళ్లు పాలెంలోకి దిగాయి. నేను వెళ్లేసరికి జనం గట్టు మీద కుండలు, వలలు, కోళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. పోలయ్య ఇంటి పురిటి గది గోడ పడిపోయింది. మంచం ఉన్న వైపు గోడే. మట్టి మంచం మీద పడి ఉంది.

పోలయ్య ఆ మట్టిని చేతులతో తవ్వుతున్నాడు. పిలిస్తే వినపడటం లేదు. పైడమ్మ గట్టు మీంచి తన పెద్ద గొంతుతో అరిచింది. "ఓరి పోలయ్యా, ఇటు సూడరా, ఇక్కడుంది నీ కూతురు."

నూకరత్నం గట్టు మీద, పైడమ్మని ఆనుకుని కూచుని ఉంది. తడిసి వణుకుతోంది. బయటికి రానంటే పైడమ్మ చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చిందట. బిడ్డ చేపల గంపలో, గోనె మీద నిద్రపోతోంది. పోలయ్య గంప దగ్గర కూలబడ్డాడు గాని బిడ్డని ముట్టుకోలేదు. మట్టి చేతులు వెనక్కి పెట్టుకుని, చూస్తూ కూచున్నాడు.

మీరు నేర్చుకోవాలని చెప్పింది ఇదే. పడవలో కూచున్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్ల బదులు భయపడేవాడు ఒకడు కావాలి. అందుకే మనకి జీతం ఇస్తున్నారు. భయపడిన మాట పైకి చెప్పడానికి సిగ్గుపడకండి. మర్యాదగా చెప్పండి, వినకపోతే మర్యాద వదిలేసి చెప్పండి. నేను ఆ రోజు బూరెల ఆకు చేత్తో పట్టుకుని నిలబడినంతసేపు నిలబడవద్దు. తాడు మీ దూలానికి కట్టినప్పుడే విప్పించండి. నీళ్లు వచ్చాక విప్పేవాడికి కూడా విప్పడం రాదు.

ఇక ఒక్కటే మిగిలింది. వరద తీశాక పెళ్లివారు కొత్తకోడలితో అదే పడవ మీద తిరిగి వచ్చారు. నదిలోంచి తొట్టిలోకి దిగారు. కామందుగారు నన్ను చూసి సంతోషంగా పలకరించారు. పెళ్లి బాగా జరిగిందిట. "అన్నీ చూసుకుని కదిలాం కాబట్టే ఏ ఇబ్బందీ లేకుండా గట్టెక్కామయ్యా" అన్నారు. తరవాత గట్టు కిందికి చూశారు. పోలయ్య ఇంటికి ఇంకా గోడ లేదు, తాటాకు దడి అడ్డం పెట్టుకున్నారు.

"ఏమయ్యా, ఆ ఇల్లు నీదే కదూ? వానాకాలం రాకముందే గోడలు చూసుకోవాలి కదా. ఇంట్లో బాలింతరాలు కూడా ఉందన్నావు" అన్నారు కామందుగారు. నిజంగానే జాలిపడి అన్నారు.

"ఆయ్, చిత్తమండి" అన్నాడు పోలయ్య.

మామ్మగారు కొడుకుని చూడలేదు, నన్ను చూడలేదు. ఒడిలో మూట తీసి గోడ అంచున పెట్టింది. "పాత చీరలయ్యా. మెత్తగా ఉంటాయి. మనవరాలికి ఉయ్యాల కట్టు" అంది. పోలయ్య వంగి మూట తీసి చంకలో పెట్టుకున్నాడు.

పడవ దిగువ మట్టానికి వచ్చింది. తలుపులు తెరవమని చెయ్యి ఎత్తబోయి, దూలం వైపు చూశాను. వాళ్ల తాడు మళ్లీ దానికే కట్టి ఉంది. పోలయ్య ఎవరినీ అడగకుండా వెళ్లి, ఒంటి చేత్తో ముడి విప్పాడు.